ఎండలకు ప్రణాళిక: స్థానిక సంస్థల బాధ్యత ఎంత?

ప్రశ్న: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అనేవారు. ఇప్పుడు మా రెంటచింతల ప్రాంతంలో ఏప్రిల్‌లోనే ఆ స్థితి వస్తున్నది. తుపాను హెచ్చరిక వస్తే అధికారులందరూ కదులుతారు గాని, వడగాడ్పులకు మాత్రం చలివేంద్రాలు తెరిచి ఊరుకుంటారు. ఎండలను ఎదుర్కొనే ప్రణాళికను పంచాయతీలు, పురపాలక సంఘాలు తప్పనిసరిగా తయారుచేయాలన్న చట్టం మనకు ఉన్నదా?
— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: చట్టం ఉన్నది, కాని అది ఎండను పేరు పెట్టి చెప్పదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 32వ సెక్షను ప్రకారం స్థానిక సంస్థలు తమ పరిధికి విపత్తు నిర్వహణ ప్రణాళికను తయారుచేసుకొని, ఎప్పటికప్పుడు సవరిస్తూ, దాని ప్రతిని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు సమర్పించాలి. ఏ విపత్తులకు ప్రణాళిక ఉండాలో విడిగా చెప్పకపోవడంతో, వరదల గురించీ అగ్నిప్రమాదాల గురించీ రాసి వడగాడ్పులను వదిలివేసినా అడిగేవారు లేరు.

నిధుల సంగతి ఇంకా బాధాకరం. 15వ ఆర్థిక సంఘం కాలానికి (2021–26) విపత్తు సహాయ నిధి వర్తించిన 12 విపత్తుల జాబితాలో శీతగాలులు ఉండేవి, వడగాడ్పులు ఉండేవి కావు. 2015 మే నెలలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవారే. అయినా ఆ కాలమంతా జాబితా మారలేదు. రాష్ట్రాలు తమ నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఆ వెసులుబాటుతోనే తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయాన్ని నిర్ణయించింది. అది మంచి నిర్ణయమే, కాని అది మరణం తరువాత అందే సాయం. మరణాన్ని ఆపే పని వార్డులోనే, ముందుగానే జరగాలి.

అది జరుగుతుందని అహ్మదాబాదు చూపింది. 2010 మే నెలలో అక్కడ మామూలుకన్నా 1,300 మందికి పైగా ఎక్కువగా మరణించారు. ఆ అనుభవంతో నగరపాలక సంస్థ 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేసవి కార్యాచరణ ప్రణాళికను అమలులోకి తెచ్చింది: హెచ్చరిక వచ్చిన రోజున ఏ శాఖ ఏమి చేయాలో ముందే రాసిపెట్టారు, వడదెబ్బను గుర్తించడంలో ఆసుపత్రుల సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. పై అంతస్తులో వేడెక్కే నవజాత శిశువుల వార్డును కిందికి మార్చినందువల్ల శారదాబెన్ ఆసుపత్రిలో వేడివల్ల జబ్బుపడి చేరే పసికందుల సంఖ్య తగ్గింది. పెద్ద ఖర్చు లేని ఇలాంటి పని, ఎవరో ఒకరు బాధ్యతగా ఆలోచిస్తే తప్ప జరగదు.

అహ్మదాబాదును చూసి అనేక రాష్ట్రాలు, నగరాలు ప్రణాళికలు రాసుకున్నాయి. 2023లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ అలాంటి 37 ప్రణాళికలను పరిశీలించి, దేనికీ ఏ చట్టం కింద అధికారం ఉన్నదో అందులో రాయలేదనీ, నిధుల ప్రస్తావన 11 ప్రణాళికలలోనే ఉన్నదనీ తేల్చింది. డబ్బూ, అమలుకు జవాబుదారీ లేని ప్రణాళిక అధికారి బదిలీ కాగానే బీరువాలోకి చేరుతుంది. అందుకే స్థానిక సంస్థలకు దీనిని చట్టపరమైన విధిగా చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. 2003 వేసవిలో దాదాపు 15,000 మందిని కోల్పోయిన ఫ్రాన్సు, మరుసటి ఏడాదే చట్టం చేసి, ఒంటరిగా ఉండే వృద్ధుల, వికలాంగుల పేర్ల పట్టికను ప్రతి ఊరి మేయరూ నిర్వహించాలని నిర్దేశించింది. పేరు నమోదు చేయించుకోవడం ఆయా వ్యక్తుల ఇష్టం. పట్టిక ఉంచడం మాత్రం మేయరు విధి.

ప్రశ్న: మా వార్డులో చాలా ఇళ్లు రేకులవే. వచ్చే వేసవికి మేము పురపాలక సంఘాన్ని ఏమి అడగాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు పైకప్పుల గురించి అడగండి. తెలంగాణ 2023లో తెచ్చిన చల్లని పైకప్పుల విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు మొదలుకొని పెద్ద స్థలాల్లో కట్టే ఇళ్లకూ తప్పనిసరి. చిన్న ఇళ్లవారికి అది ఐచ్ఛికమే. ఎండ ఎక్కువగా బాధించేది రేకుల కింద ఉండేవారినే కాబట్టి, వారి పైకప్పులకు తెల్లని పూత వేయించే ఖర్చును పురపాలక బడ్జెటులో చేర్చమని కోరడం న్యాయమైన కోరిక. మధ్యాహ్నపు పారిశుద్ధ్య పనివేళల మార్పునూ, ఆశా కార్యకర్తలు వెళ్లి చూడవలసిన ఒంటరి వృద్ధుల జాబితానూ కూడా అడగండి. బడ్జెటు మార్చిలోపే ఖరారవుతుంది గనుక జనవరిలోనే మీ వార్డు సభ్యుల ద్వారా లిఖితపూర్వకంగా ఇవ్వడం మంచిది. మీ పురపాలక సంఘం సమర్పించిన విపత్తు ప్రణాళిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ నుంచి కోరవచ్చు. అందులో వడగాడ్పుల అధ్యాయం లేకపోతే, ఆ మాటనే మీ వినతిపత్రంలో మొదటి వాక్యంగా రాయండి.