మూజువాణి ఓటు చాలదంటే?

ప్రశ్న: లోక్‌సభలో మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గితే, ఎవరు ఎటు ఓటేశారో తెలిసేదెలా? స్పీకర్‌కూ ఓటుంటుందా?

జవాబు: మూజువాణి అంటే సభ్యులు ‘అవును’, ‘కాదు’ అని నోటితో చెప్పే ఓటు; అందులో పేర్లు నమోదు కావు. స్పీకర్ ప్రకటనను సభ్యులు సవాలు చేసి డివిజన్ (విడివిడిగా ఓట్ల నమోదు) కోరితే, ఆయన లాబీలు (సభామందిరాన్ని ఆనుకుని ఉండే నడవాలు) ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తర్వాత ప్రశ్నను మళ్లీ సభ ముందుంచుతారు. అప్పటికీ అభ్యంతరం వస్తే మీటలతోనో, చీటీలతోనో, సభ్యులను లాబీల్లోకి పంపించో ఓట్లు నమోదు చేయిస్తారు. అయితే డివిజన్ అనవసరంగా అడిగారని ఆయనకు తోస్తే, సభ్యులను ఉన్నచోటే నిలబెట్టి లెక్కించి సరిపెట్టవచ్చు. అప్పుడూ పేర్లు రికార్డుకెక్కవు. నియమంలో చిక్కంతా ఇక్కడే ఉంది. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును లోక్‌సభ ఆమోదించింది మూజువాణితోనే.

ఇక స్పీకర్ ఓటు, రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం, ఇరుపక్షాలూ సమానమైనప్పుడే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి విశ్వాస తీర్మానం 269–270తో వీగిపోయినప్పుడు, స్పీకర్ స్థానంలో ఉన్న మన అమలాపురం ఎంపీ బాలయోగికి ఆ అవసరమే రాలేదు.