ట్రంకుపెట్టెలో ‘మార్గ్’: ఇల్లూ వాకిలీ శీర్షికకు పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మావయ్యగారు ప్రభుత్వంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే ‘మార్గ్’ అనే ఇంగ్లిషు పత్రిక పాత సంచికలు కొన్ని దొరికాయి. కొన్నింటి నిండా గుడి శిల్పాలు, ఒకదాంట్లో బొంబాయి మ్యాపులు. బీఆర్క్ చదువుతున్న మా అమ్మాయి అది ఆర్కిటెక్టుల పత్రిక అంటోంది. నాకు మాత్రం బొమ్మల పుస్తకంలా ఉంది. పాత పేపర్లతో పాటు వేసెయ్యొచ్చా?
– ఒక గృహిణి, గుజరాతీపేట, శ్రీకాకుళం

జవాబు: వెయ్యకండమ్మా. ఆ బొంబాయి మ్యాపుల సంచిక మీద 1965 జూన్ అని ఉందేమో ముందు చూడండి. ఉంటే దాన్ని విడిగా తీసి దాచండి. మీ అమ్మాయి చెప్పిందీ నిజమే, మీ కంటికి కనిపించిందీ నిజమే.

‘మార్గ్’ 1946లో బొంబాయిలో మొదలైంది. సంపాదకుడు ముల్క్ రాజ్ ఆనంద్, ఇంగ్లిషులో నవలలు రాసిన ఆయనే. ఆయన ఆర్కిటెక్టు కాదు గానీ, వెంట ఉన్నవాళ్లలో ఆ పని తెలిసినవాళ్లున్నారు. హిట్లర్ జర్మనీ వదిలి వచ్చి మైసూరు సంస్థానంలో కుదురుకున్న ఓటో కోనిగ్స్‌బెర్గర్ ఒకరు. సిలోన్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు అనిల్ డి సిల్వా, మినెట్ డి సిల్వా మరో ఇద్దరు. మోడరన్ ఆర్కిటెక్చరల్ రీసెర్చ్ గ్రూప్ అని సంఘం పెట్టుకున్నారు, ఆ పేరులోని మొదటి అక్షరాలే పత్రిక పేరు. చేతిలో డబ్బు లేదు. జె.ఆర్.డి. టాటా ఏడు ప్రకటనలు, రెండు గదులు ఇస్తే వాటితోనే పని మొదలైందని చెబుతారు.

మినెట్ సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. బొంబాయిలో ఆర్కిటెక్చర్ చదువుతుండగా 1942లో గాంధీజీని విడుదల చెయ్యాలన్న ఊరేగింపుకు వెళ్లింది. కాలేజీవాళ్లు క్షమాపణ రాసిమ్మన్నారు. రాయనంది. చదువు మధ్యలో పోయింది. తర్వాత లండన్‌లో పూర్తి చేసి, 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థలో అసోసియేట్ అయిన మొదటి ఆసియా మహిళ అయింది. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల అంత నిలబడటం మాటలు కాదు.

వాళ్లకంత తొందర ఎందుకంటే, స్వాతంత్ర్యం వచ్చేస్తోంది. రేపు కోట్లమందికి ఇళ్లు కావాలి, ఊళ్లు కావాలి. అవి ఎలా ఉండాలో ఇప్పుడే మాట్లాడుకోవాలన్నది వాళ్ల తాపత్రయం. అది ఉత్త కబుర్లతో ఆగలేదు. కోనిగ్స్‌బెర్గర్ 1948లో కేంద్ర ప్రభుత్వ హౌసింగ్ డైరెక్టరయ్యారు. మన ఇచ్ఛాపురం దాటి రైల్లో ఇంకా ముందుకు పోతే వచ్చే భువనేశ్వర్‌కు కొత్త రాజధానిగా ప్లాన్ గీసింది ఆయనే.

మరి శిల్పాలెందుకంటారా? ఇల్లు, గుడి, శిల్పం, నాట్యం, నేత వేరువేరు కావని ఆనంద్ నమ్మకం. అందుకే మొదటినుంచీ అన్నిటికీ చోటిచ్చారు. 1961 డిసెంబరులో చండీగఢ్ మీద సంచిక వేశారు కూడా. పోనుపోను శిల్పాలు, చిత్రాలు ముందుకొచ్చి, భవనాల ప్లాన్లు వెనక్కి పోయాయి. ఇప్పటికీ వస్తున్న ‘మార్గ్’ ప్రధానంగా కళల పత్రిక. మంచి పత్రికే, కాదనను. కానీ జీవితమంతా ఈ రెండు జిల్లాల్లో ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ని, నాకది నష్టంగానే తోస్తుంది. భవనాల కోసం వేరేవాళ్లు పత్రికలు పెట్టారు. పత్వంత్ సింగ్ 1957లో ‘డిజైన్’ అనే పత్రిక పెట్టి మూడు దశాబ్దాలు నడిపారు. 1980లలో ఇంకా కొన్ని వచ్చాయి.

ఇక 1965 జూన్ సంచిక. బొంబాయి ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నటి నేల. ఆఫీసులన్నీ దక్షిణపు కొసన. ఇళ్లు ఉత్తరానికి పాకుతున్నాయి. పొద్దున రైళ్లన్నీ కిక్కిరిసి కిందికి, సాయంత్రం కిక్కిరిసి పైకి. కార్పొరేషన్ కొత్త ప్లాను ఒకటి తయారుచేస్తే, అది ఊరిని ఇంకా ఉత్తరానికి సాగదీసేదే. చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా అనే ఇద్దరు ఆర్కిటెక్టులు, శిరీష్ పటేల్ అనే సివిల్ ఇంజనీరు కూర్చుని ఇంకో దారి ఆలోచించారు. హార్బర్ దాటి తూర్పు ఒడ్డున మరో నగరం కడితే పనీ ఇల్లూ దగ్గరవుతాయి, పాత ఊరికి ఊపిరాడుతుంది అన్నారు. ఆ ఆలోచనకు ‘మార్గ్’ ఒక సంచికే కేటాయించింది.

ఆ కొత్త నగరం కట్టడానికి 1970లో మహారాష్ట్ర ప్రభుత్వం సిడ్కో అనే సంస్థ పెట్టింది. కొరియా దానికి చీఫ్ ఆర్కిటెక్టు అయ్యారు. ఆ నగరమే ఇవాళ్టి నవీ ముంబయి. అనుకున్నవన్నీ జరగలేదు. సచివాలయం అటు వెళ్లలేదు. ఇటు దక్షిణపు కొసన నారిమన్ పాయింట్ దగ్గర సముద్రం పూడ్చి ఆఫీసులు లేపుతూనే పోయారు. అయినా ఆ సంచికను నేను నెత్తిన పెట్టుకుంటాను. అక్కడ ఇటుక పెట్టకముందే, ఊరు ఎటు పోతే ఏమవుతుందో జనం ముందు పెట్టారు. భవనం కట్టేశాక రంగుల ఫొటో ఎవరైనా వేస్తారు. మన వైపు రోడ్డు వెడల్పు చేస్తారన్న కబురు కూడా గోడ మీద ఎర్రరంగు గీత పడ్డాకే తెలుస్తుంది. ప్లాను ముందే అచ్చులో చూసే రోజు మన ఊళ్లకూ రావాలి.

దాచే పద్ధతి: ఎండలో పెట్టకండి, నీడపట్టున ఫ్యాను గాలికి ఆరనివ్వండి. తుప్పు పట్టిన పిన్నులుంటే మెల్లగా లాగెయ్యండి. లామినేషన్ వద్దు, చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అసలే వద్దు. మళ్లీ ఆ ఇనప పెట్టెలో కాకుండా బీరువాలో పడుకోబెట్టండి. మీ మావయ్యగారు పెన్సిల్‌తో అంచుల్లో ఏమైనా రాసి ఉంటే చెరపకండి. మీ అమ్మాయికి పనికొచ్చేవి అవే.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదువుతున్నానండి. పత్రికలు కొనే స్తోమత లేదు. ఏవి చదవాలి? వాటిలో మన వైపు ఇళ్లు ఎందుకు కనపడవు?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: కొనొద్దు బాబూ, కాలేజీ లైబ్రరీలో చదువుకో. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ వాళ్ల జర్నల్ 1934 నుంచీ వస్తోంది, పాత సంపుటాలు అడుగు. చదివేటప్పుడు ఫొటో మీద చెయ్యి అడ్డం పెట్టి ముందు ప్లాన్ చూడు. ఉత్తరం ఎటు? మూడు గంటల ఎండ ఏ గోడ మీద పడుతుంది? అంట్లు ఎక్కడ తోముతారు? ఇవి తేలాక ఫొటో చూడు.

మన ఇళ్లు కనపడకపోవడానికి కారణం, వాటిని గీసి పంపేవాళ్లు తక్కువ. చుట్టిల్లునే తీసుకో. గుండ్రటి మట్టిగోడ, పైన గోపురంలా తాటాకు కప్పు, చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. వంగితే గానీ లోపలికి పోలేం. ఆ చూరు వల్లే వాన మట్టిగోడను తాకదు. తుపాను గాలికి ఎదురుగా చదునైన గోడంటూ ఉండదు, గాలి పక్కలకు జారిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో విన్నావు కదా, అలాంటి గాలులు తెలిసిన జనం కట్టుకున్న ఇల్లది. ఇప్పుడు వాటి స్థానంలో శ్లాబు ఇళ్లు వస్తున్నాయి. తప్పు పట్టను, మాటిమాటికీ తాటాకు మార్చడం ఎంత కష్టమో ఉండేవాళ్లకే తెలుసు. కానీ కొలతలైనా మిగలాలి.

సంక్రాంతి సెలవుల్లో టేపు, నోటుబుక్కు తీసుకుని వెళ్లు. ఇంటివాళ్లను అడిగే లోపలికి వెళ్లు. లోపలి వ్యాసం, గోడ మందం, నేల నుంచి చూరు ఎత్తు కొలువు. మధ్యలో నిట్రాడు ఉందా, అటక మీద ఏం దాస్తారు, కప్పు వేసిందెవరు, ఎన్నేళ్లకు మారుస్తారు, అన్నీ రాసుకో. ప్లాన్, సెక్షన్ (ఇంటిని నిలువునా కోస్తే కనిపించే బొమ్మ) గీసి ఆ జర్నల్‌కు పంపు. మాకూ ఒక కాపీ పంపితే, ఇల్లుగలవాళ్లు ఒప్పుకుంటే ఈ శీర్షికలోనే వేస్తాం.