రోజూ తిరిగే పికప్‌ను ఎంత ఎత్తు లేపాలి?

చిరంజీవి మేనల్లుడికి, నీ మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు కొన్న పాత ఇసుజు వీ-క్రాస్ పికప్‌కు లిఫ్ట్ కిట్, అంటే బండిని ఎత్తు చేసే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల వంటి సామాను, వేయించాలనుకుంటున్నావనీ, తక్కువ ఖర్చులో ఏది మంచిదో చెప్పమనీ అడిగావు. నా అభిప్రాయం ముందే చెబుతాను. వారానికి ఐదు రోజులు అత్తాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకూ, ఆదివారం వికారాబాద్ దగ్గరి తోటకూ తిరిగే బండికి 40 నుంచి 50 మిల్లీమీటర్ల ఎత్తు చాలు. ఆ హద్దు దాటితే ఖర్చు కిట్ ధరతో ఆగదు. ముందు చక్రాల సస్పెన్షన్‌లో ఒక్కొక్క భాగాన్నీ మార్చమని బండి అడగడం మొదలుపెడుతుంది.

కిట్ ధరలు అడగడానికి ముందు నీ బండి అసలు ఎత్తులో ఉందో లేదో చూడు. చదునైన సిమెంటు నేల మీద, నువ్వు మామూలుగా వేసుకునే సామానుతో బండిని నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకో. ఎడమకూ కుడికీ, నీ కొలతకూ అదే మోడల్ కొత్త బండి కొలతకూ తేడా కనబడితే స్ప్రింగులు కుంగాయన్నమాట. తర్వాత బండి కిందికి వంగి వెనుక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు, చూడు. ఖాళీ బండికే పట్టీలు వంపు పోయి తిన్నగా అయ్యాయా, చివర్లలో బుష్‌ల రబ్బరు పగిలి బయటికి పొడుచుకొచ్చిందా, పట్టీల మధ్య తుప్పు పొడి రాలుతోందా అని గమనించు. పాత బండ్లలో చాలామంది లిఫ్ట్ కావాలని వచ్చి, కొత్త స్ప్రింగులు వేయగానే పోయిన ఎత్తు తిరిగి రావడం చూసి తృప్తిపడి వెళ్లిపోవడం నేను చూశాను. అంతకంటే చవకైన లిఫ్ట్ లేదు.

లిఫ్ట్ కిట్ బండి శరీరాన్నీ ఛాసిస్‌నూ లేపుతుంది గానీ వెనుక ఇరుసును లేపదు. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు నేలకు ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేది టైరు ఒక్కటే. టైరు వ్యాసం 50 మిల్లీమీటర్లు పెరిగితే ఆ గుండు 25 మిల్లీమీటర్లు లేస్తుంది. కాబట్టి తోట దారిలో నీకు తగులుతున్నది డిఫరెన్షియలా, మెట్టు పలకా, ముందు బంపరా అని ముందు తేల్చుకో. నల్లరేగడిలో కూరుకుపోవడమే నీ బాధ అయితే డబ్బు లిఫ్ట్‌కు కాదు, మంచి ఆల్ టెర్రైన్ టైర్లకు పెట్టు.

ఇక ముందు భాగానికి వస్తాను. వీ-క్రాస్‌కూ టయోటా హైలక్స్‌కూ ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే పై, కింది ఆర్మ్‌లు), కాయిల్ స్ప్రింగ్ ఉంటాయి, వెనుక కమాన్ కట్టలు ఉంటాయి. అన్నిటికంటే చవకైనది షాక్ అబ్జార్బర్ పైన బిగించే స్పేసర్ అనే దిమ్మ. అయితే విష్‌బోన్ మీటలా పనిచేస్తుంది గనుక 25 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు ఎత్తు వస్తుంది. ఈ సంగతి తెలియక 50 మిల్లీమీటర్ల స్పేసర్ అడిగినవాళ్ల బండ్లలో ముందు చక్రాలను తిప్పే ఇరుసు జాయింట్లు భరించలేని కోణానికి వెళ్లిపోతాయి. పైగా స్పేసర్ వేసినా షాక్ పాతదే, దాని దమ్ము పాతదే. చక్రం గుంతలోకి పూర్తిగా జారినప్పుడు మాత్రం పై ఆర్మ్, బాల్ జాయింట్ కంపెనీ అనుకున్న హద్దు దాటి కిందికి వెళతాయి. ఏడాదికి రెండు మూడు సార్లు మట్టి దారి తొక్కేవాళ్లకు అది సరిపోవచ్చు. నువ్వు వారం వారం తోటకు వెళ్లేవాడివి కనుక స్పేసర్ వద్దంటాను.

నీకు నేను చెప్పేది ఎత్తుకు తగిన పొడవున్న షాకులు, వాటికి జతగా తయారైన స్ప్రింగులు, వెనుక పూర్తి కమాన్ కట్టలు ఉన్న సెట్టు. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, ప్రొఫెండర్ వంటి కంపెనీలవి మన దేశంలో దొరుకుతున్నాయి. ఒకేసారి కొనలేకపోతే ఆరు నెలలు ఆగు గానీ, పొడవు స్ప్రింగు తెచ్చి పాత షాక్‌కు తొడిగించకు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడూ షాక్ చివరి వరకు సాగి ఠక్కున కొట్టుకుంటుంది, కొన్నాళ్లకే ఆయిల్ కారుతుంది. స్ప్రింగు బలం ఎంచుకునేటప్పుడు నిజం చెప్పు. ఎప్పుడో ఒకసారి ఎరువు బస్తాలు వేస్తానని 300 కిలోల నిత్యభారానికి చేసిన కమాన్ కట్ట తీసుకుంటే, ఖాళీ బండి మెహదీపట్నం రోడ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. మీ అమ్మ ఆ బండి ఎక్కడం మానేస్తుంది. ఆమె మోకాళ్ల సంగతి నీకు తెలుసు కదా, 50 మిల్లీమీటర్లు పెరిగే మెట్టును కూడా లెక్కలో వేసుకో.

వెనుక భాగంలో చవక దారులు రెండున్నాయి: షాకిల్ (కమాను వెనుక చివరను ఛాసిస్‌కు కలిపే లింకు) పొడవు పెంచడం, ఇరుసుకూ కమానుకూ మధ్య దిమ్మ పెట్టడం. మొదటిది నేను నా పాత పికప్‌కు చేయించాను. షాకిల్‌ను రెండు అంగుళాలు పెంచితే వచ్చేది ఒక్క అంగుళమే. అంతవరకూ ఒప్పుకున్నాను. కానీ వెనుక చివర కిందికి జరగడంతో ఇరుసు తిరిగి డిఫరెన్షియల్ ముక్కు పైకి లేచింది, గేర్‌బాక్స్ నుంచి వెనుక ఇరుసుకు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడింది. 70 వేగం దాటగానే సీటు కింద నుంచి సన్నని వణుకు వచ్చేది. నాలుగు చోట్ల టైర్లు బ్యాలెన్స్ చేయించాను. చివరకు పాత షాకిళ్లు వేయిస్తేనే వణుకు పోయింది. దిమ్మ సంగతి ఇంకా చెడ్డది, ఎక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కమాను మెలితిరుగుతుంది. పూర్తి కట్ట కొనలేకపోతే ఒక్క అదనపు పట్టీ వేయించు, అది కాస్త గట్టిగా ఉన్నా క్షేమం.

కిట్ ధర పక్కన ఇవి కూడా రాసుకో: ఇరుసును కమానుకు బిగించే కొత్త యూ బోల్టులు, ఎందుకంటే ఒకసారి సాగదీసి బిగించిన పాతవి మళ్లీ నమ్మదగినవి కావు, వీల్ అలైన్‌మెంట్, అలైన్‌మెంట్‌లో క్యాస్టర్, క్యాంబర్ అనే ముందు చక్రాల వాలు కోణాలు హద్దులోకి రాకపోతే కొత్త పై ఆర్మ్‌లు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోయే బ్రేకు గొట్టాలు. కొన్ని పికప్‌లలో వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో పనిచేసే బ్రేకు వాల్వ్ ఉంటుంది. బరువుతో వెనుక భాగం దిగితే వెనుక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపడం దాని పని. బండిని లేపగానే ఆ వాల్వ్ ఎప్పుడూ ఖాళీ బండే అనుకొని వెనుక బ్రేకు తగ్గిస్తుంది. ఉంటే దాన్ని కొత్త ఎత్తుకు సరిచేయించకుండా బండి తీసుకోకు.

ఆఫీసు సెల్లార్‌లో అన్నిటికంటే కిందికి వేలాడే నీళ్ల పైపు ఎత్తు కొలిచావా? పైన క్యారియర్ బిగించే ఆలోచన ఉంటే అదీ కలిపి చూడు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందుకే పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడుగు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి వాళ్ల జవాబు దాచుకో. ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర వాదించడం కంటే ఇప్పుడు ఒక ఉత్తరం రాయడం తేలిక. వాళ్లు కాదంటే కొత్త ఒరిజినల్ స్ప్రింగులతో ఆగిపో.

బిగించే రోజు నువ్వు దగ్గరుండు. ఆర్మ్‌ల బోల్టులు, కమాన్ కంటి బోల్టులు బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడు చివరి బిగింపు ఇవ్వకూడదు. నాలుగు చక్రాలూ నేలమీద ఆని బండి బరువు పడ్డాకే ఇవ్వాలి, లేకపోతే రబ్బరు బుష్‌లు మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతాయి. ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ దగ్గరకు వెళ్లినా ఈ ఒక్క ప్రశ్న అడిగి, అతని జవాబు విని పని అప్పగించు. ఆ సాయంత్రమే గోడ ముందు నిలిపి హెడ్‌లైట్లు కిందికి సరిచేయించు. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించి, స్టీరింగ్‌ను చివరి వరకు తిప్పి ముందు చక్రాల లోపలివైపు గ్రీజు చిమ్మిందేమో చూసి, మొదట రాసుకున్న నాలుగు కొలతల పక్కన కొత్తవి రాసి నాకు పంపు.

నీ మామయ్య