పేక ముక్కల మీద కోపం ఇంటిదాకా వస్తోంది, మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది పర్లాకిమిడి. సెల్‌ఫోన్ల షాపు నడుపుతున్నాను. పోకర్ అనే పేకాట యాప్‌లలో నేర్చుకున్నాను. యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాక ఐదుగురు స్నేహితులం శని, ఆదివారాల్లో ఒకరింట్లో కూర్చుని ఆడుతున్నాం. ఆట నాకు బాగానే వచ్చు. కానీ మంచి ముక్కలు ఉండి కూడా ఓడితే తట్టుకోలేకపోతున్నాను. ఈమధ్య ఆసుల జతతో ఆల్ ఇన్ వెళ్లాను, అంటే నా ముందున్న చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ఒకేసారి కాశాను. అవతలివాడు రాజుల జతతో గెలిచాడు. ఆ తర్వాత ఏం ఆడానో నాకే తెలియదు, ఉన్నదంతా పోయింది. ముక్కలు విసిరికొట్టి వచ్చేశాను. ఇంటికొచ్చినా గుండె దడ తగ్గదు, నిద్ర పట్టదు. తెల్లారితే భార్య మీద, పాప మీద విసుక్కుంటున్నాను. ఆటకు ముందు వేసుకోమని ఒక స్నేహితుడు టెన్షన్ తగ్గే మాత్ర ఇచ్చాడు. వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం. వేసుకోవద్దు. ఇలా చేతులు మారే మాత్రలు ఎక్కువగా ఆల్ప్రజోలమ్ రకానివి. అవి మనిషిని కాస్త మత్తులో ఉంచుతాయి, ఆలోచనను మందగింపజేస్తాయి. కోపం రాకపోవచ్చు గానీ 'పోతే పోనీ' అనే తెగింపు వస్తుంది. పందెం దగ్గర కోపం కంటే ఆ తెగింపే ప్రమాదం. కొన్ని వారాలు వరుసగా వాడితే అలవాటు పడతారు, హఠాత్తుగా మానేస్తే దడ, నిద్రలేమి రెట్టింపవుతాయి. పైన ఒక పెగ్గు కూడా పడితే ఊపిరికే ముప్పు. గుండె దడ తగ్గుతుందని కొందరు ప్రొప్రనొలాల్ కూడా సొంతంగా కొనుక్కుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మీ ఆసుల జత. పోకర్‌లో మొదట చేతికి పంచే రెండు ముక్కలూ ఆసులే రావాలంటే సగటున 221 సార్లు పంచాలి. గంటకు 30 ఆటలు పడ్డా, నాలుగు గంటల చొప్పున రెండు రాత్రులు కూర్చుంటే ఒకసారి కనిపించే ముక్కలవి. అంతసేపు ఓపిక పట్టి, తప్పేమీ చేయకుండా ఆడి ఓడిపోతే మండదా? మండుతుంది. అయితే ఆ తర్వాత బల్ల మీద తెరిచే ముక్కలు ఆటను తిప్పేయగలవు, అందుకే రాజుల జత మీద ఆసుల జత గెలిచేది వందకు 82 సార్లు మాత్రమే. అంటే దాదాపు ఐదింటిలో ఒకసారి ఓడాల్సిందే. మీకు జరిగింది అన్యాయమేమీ కాదు, ఆ ఐదో వంతు ఆ రాత్రి మీ వంతుకు వచ్చింది. మీరు ఈ లెక్క తెలియనివారు కాదు. చిక్కల్లా, తెలిసిన లెక్క ఆ నిమిషంలో మనకు అందదు.

ఎందుకు అందదంటే, పెద్ద పందెం పోగానే మెదడు దాన్ని ప్రమాదంగానే తీసుకుంటుంది. అడ్రినలిన్ ఎగదన్నుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది. నిదానంగా లెక్కలు వేసే ముందుభాగం మెదడు కాసేపు వెనక్కి తగ్గుతుంది. దానికి తోడు మనుషులకు వెయ్యి రూపాయలు వచ్చిన సంతోషం కంటే వెయ్యి పోయిన బాధ దాదాపు రెట్టింపు ఉంటుందని కానమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తల పరిశోధనల్లో తేలింది. ఆ బాధ నుంచి తక్షణం బయటపడే దారి ఒకటే కనిపిస్తుంది: పోయింది పోయిన చోటే రాబట్టడం. అందుకే తర్వాతి పది ఆటల్లో పారేయాల్సిన ముక్కలు కూడా పట్టుకుని కూర్చుంటారు. పోకర్ ఆటగాళ్లు దీన్నే టిల్ట్ అంటారు. ఆ రాత్రి ఆసులతో ఓడటం వల్ల పోయింది ఒక్క పందెమే, మిగతాదంతా ఆ తర్వాత మీరు పోగొట్టుకున్నారు. మీ ఉత్తరంలో మీరే రాశారది.

టిల్ట్ ఓడినప్పుడే వస్తుందనుకోవద్దు. వరుసగా నాలుగు ఆటలు గెలిచినవాడికీ వస్తుంది. ఇవాళ నా రోజు అనుకుని, మంచి ముక్కలు లేకున్నా ఉన్నట్టు పందెం పెంచుతూ బ్లఫ్ మీద బ్లఫ్ వేస్తాడు. దాన్ని ఎవరూ జబ్బుగా చూడరు, చూడాలి.

చాలామంది ఆటలో కూర్చునే కోపాన్ని అణచుకోవాలని చూస్తారు. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. కోపంలో ఉన్న మనిషిని 'కోపం వచ్చిందా' అని అడిగితే లేదనే అంటాడు. కాబట్టి నిర్ణయాలన్నీ కూర్చోకముందే, టీ తాగుతూ మామూలుగా ఉన్నప్పుడే తీసుకోవాలి. ఇవాళ ఎంత పోతే లేస్తాను, ఎన్ని గంటలకు లేస్తాను, ఈ రెండూ ఐదుగురిలో ఒకరికి చెప్పండి. మీ మొహం మీదే 'ఇక లే గురూ' అనగలిగిన వాడికే చెప్పండి. మీకు మాత్ర ఇచ్చినాయన ఈ పనికి పనికిరాడు. ఆ రాత్రికి కావాల్సింది నగదుగా జేబులో పెట్టుకుని, ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లండి. ఫోన్‌పే చేతిలో ఉన్నంతసేపు హద్దు అనేది మాటవరసకే.

పెద్ద పందెం పోయిన వెంటనే లేచి బయటికి రండి. మొహం కడుక్కోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, ఇది శరీర ధర్మం, ఏ మంత్రమూ లేదు. ఒళ్లు పూర్తిగా చల్లబడటానికి ఎంత లేదన్నా అరగంట పడుతుంది. ఈలోపు ముక్కలు పట్టుకోవద్దు. మీవాళ్లు ఎగతాళి చేస్తారు, చేయనివ్వండి.

మర్నాడు షాపులో తీరిక దొరికినప్పుడు ఆ ఆటను ఒక నోట్‌బుక్‌లో రాయండి. అప్పటికి మీకు తెలిసిందేమిటి, మీరు తీసుకున్న నిర్ణయమేమిటి, ఆ రెండే. ఫలితం రాయకండి. నిర్ణయం సరైనదైతే అక్కడికి వదిలేయడం మెల్లగా అలవాటవుతుంది. తప్పైతే నేర్చుకోవడానికి ఒకటి దొరికింది.

మీ వైపు కుమార పున్నమి (ఆశ్వయుజ పౌర్ణమి) రాత్రంతా పేక ఆడటం ఆచారం. దీపావళికీ ఆడతారు, తెలుగిళ్లలో సంక్రాంతికీ ఆడతారు. పండగ పూట నవ్వుతూ ఆడే ఆట మీద నాకు ఏ పేచీ లేదు. మీది వారం వారం, పొద్దుపోయేదాకా సాగుతోంది. అర్ధరాత్రి దాటాక ఆడేవాడికి నిదానం సగమే ఉంటుంది. పైగా టీలు, గుట్కా, ఖైనీ. నికోటిన్, కెఫీన్ రెండూ గుండె దడ పెంచేవే. ఆట రాత్రి పదిన్నరకు ముగించి, సాయంత్రం ఆరు తర్వాత టీ మానేసి ఒక నెల చూడండి. పాప మీద విసుగులో సగం నిద్ర చాలకపోవడం వల్ల వచ్చేదే అయ్యుండొచ్చు.

అలాగని దడనంతా పేక మీదికి తోసేయకూడదు. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే దడ, చిరాకు, నిద్రలేమి ఉంటాయి. ఛాతీలో నొప్పి, చెమటలు ఉంటే మాత్రం పరీక్షల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మరో సంగతి ఈ శీర్షిక చదివే మిగతావాళ్ల కోసం: పార్కిన్సన్స్ వ్యాధికి వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వల్ల కొందరిలో లేని జూదపు యావ పుడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు అలా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మందు మాత్రం మీరే ఆపేయకండి.

ఇప్పుడు మీరు రాయని విషయానికి వస్తాను. ఇంతవరకు ఎంత పోయిందో ఎక్కడా చెప్పలేదు. అది మీ భార్య దగ్గర దాచారా? షాపు సరుకు డబ్బులోంచి ఎప్పుడైనా తీశారా? అప్పు చేశారా? మొదట్లో సరదా ఇచ్చిన పందెం ఇప్పుడు చప్పగా అనిపించి పెంచుతున్నారా? ఒక ఆదివారం ఆట లేకపోతే ఆ రోజంతా చిటపటలాడుతున్నారా? వీటిలో మూడు నాలుగింటికి అవును అంటే సమస్య కోపం కాదు, జూద వ్యసనం. మానసిక వైద్యంలో 2013 నుంచి దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసనే చేర్చారు. అలాంటప్పుడు పైన చెప్పిన హద్దులు, ఊపిరి వ్యాయామాలు చాలవు. ఆట పూర్తిగా ఆపి చికిత్స తీసుకోవాలి. ఆలోచనా విధానాన్ని మార్చే కౌన్సెలింగ్ దీనికి బాగా పనిచేస్తుంది, అవసరాన్ని బట్టి మందులూ ఉన్నాయి.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. దాన్ని తప్పించుకుని విదేశీ సైట్ల లింకులు పంపేవాళ్లు ఉంటారు. షాపులో రోజంతా ఫోన్ల మధ్య ఉండే మీకు అవి ఇంకా తేలిగ్గా చేరతాయి. వాటి జోలికి పోవద్దు, డబ్బు పోతే అడిగే దిక్కు ఉండదు. ఇంట్లో ఆడుతున్నాం కదా అని ధీమా కూడా వద్దు, ఒడిశాలో జూద నిరోధక చట్టం 1955 నుంచే ఉంది. ముక్కల మీద ప్రేమ ఉంటే డబ్బు తీసేసి ఉత్త చిప్స్‌తో నాలుగు వారాలు ఆడి చూడండి. ఆటలో రుచి అలాగే ఉంటే మంచిదే. రుచి లేదనిపిస్తే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వద్దనుకుంటే పాతపట్నం మీదుగా శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లొచ్చు. ఈలోగా 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆ నంబరుకు చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ భార్యను వెంట తీసుకెళ్లండి. ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, ఎన్నిసార్లు అరిచారో మీకంటే ఆవిడే సరిగ్గా చెప్పగలరు.