మెడ లూజు గురించి పాఠం రాసేటప్పుడు

చిరంజీవికి,

ఇంట్లో కుట్టుకునేవాళ్ల కోసం నువ్వు రాసిన పాఠం చదివాను. భాష హాయిగా ఉంది. అయితే "మెడ లూజైతే భుజం కుట్టు దగ్గర పట్టేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. భుజం పొడవునా అలా పట్టేస్తే చంక పైకెక్కి బిగుస్తుంది, ముందు మెడ లూజు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. మందుకంటే ముందు కారణం రాయి.

ముందు మెడ ఒంటిని వదిలి నిలబడుతోందంటే చాలాసార్లు ఛాతీ దగ్గర డాట్ (ఒంటి వంపుకు తగ్గట్టు బట్టను మడిచి వేసే మొనదేలిన కుట్టు) చాలలేదని అర్థం. డాట్‌లోకి పోవాల్సిన బట్ట మెడకు చేరుతోంది. వేసుకుని చూసి, ఒక్కో పక్క ఎంత ఎక్కువుందో గుండుసూదితో పట్టమను. అర అంగుళం వచ్చిందనుకో. పేపర్ కటింగ్ (బట్ట కత్తిరించడానికి వాడే కాగితం నమూనా) మీద ఆ చోటు నుంచి ఛాతీ మొన దాకా ఒక గీత, డాట్ మధ్య నుంచి అదే మొనకు ఇంకో గీత. రెండూ కత్తిరించాలి, మొన దగ్గర మాత్రం తెగకూడదు. మెడ దగ్గర అర అంగుళం ఒకదానిమీదొకటి జరిపితే డాట్ దానంతటదే వెడల్పవుతుంది. మెడ గీత విరిగినట్టు కనిపిస్తుంది, నున్నగా మళ్లీ గీయాలి. పేపర్ కటింగ్ సగం ముక్కే కాబట్టి ఒక పక్క కొలతే వేయాలి. మొత్తం కొలత వేసి పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. ఈ మాట విడిగా, స్పష్టంగా రాయి.

కొలత సరిగ్గా ఉన్నా లూజు వస్తే మెడ సాగిందన్నమాట. మెడ వంపులో బట్ట క్రాస్‌లో, అంటే నేతకు ఏటవాలుగా, తెగుతుంది, చేత్తో పట్టుకుంటేనే సాగుతుంది. బట్ట ముక్కను పేపర్ మీద పరిచి చూస్తే తెలిసిపోతుంది. అందుకే కత్తిరించగానే, కుట్టు గీతకు ఓ నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) బయటగా, తెగిన అంచు వైపు, భుజం నుంచి మధ్యకు, రెండు పక్కలా విడివిడిగా ఒక కుట్టు వేయించు.

బిగుతు సంగతి వేరు. వెంటనే కత్తెర పట్టొద్దని చెప్పు. కుట్టు కోసం వదిలిన బట్టే చాలాసార్లు మెడను నొక్కుతుంది. మెడ సాగకుండా ముందే వేసిన కుట్టు దాకా, అది తెగకుండా, చిన్న గాట్లు పెట్టి మళ్లీ వేసుకుని చూడాలి. అప్పటికీ బిగుతుగా ఉంటే పావు అంగుళం చొప్పునే దించాలి, ఎందుకంటే దించిన కొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది.

లోపలి మెడ పట్టీని కొత్త గీత ప్రకారమే మళ్లీ కత్తిరించాలి. నీ పాఠంలో ఇది అసలు లేదు, చేర్చు.