ప్రయోగశాల లేని చోట రుజువు

ప్రశ్న: భౌతికశాస్త్రంలో ఒక సిద్ధాంతం తప్పో ఒప్పో ప్రయోగం తేలుస్తుంది. చరిత్రలోనూ, భాషా సాహిత్య అధ్యయనాల్లోనూ అటువంటి పరీక్ష కనిపించదు. మరి మానవీయ శాస్త్రాలు చెప్పేదాన్ని జ్ఞానం అనవచ్చునా, లేక అది చదువుకున్నవారి అభిప్రాయం మాత్రమేనా?

జవాబు: జ్ఞానమనే అనాలి. వాటిలో పరీక్ష లేదన్న మాట నిలవదు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోమన్ సామ్రాజ్యపు పశ్చిమ భాగాన్ని పోపుకు దానమిచ్చాడని చెప్పే పత్రమొకటి ఐరోపాలో శతాబ్దాల పాటు ప్రామాణికంగా చెలామణి అయింది. అందులోని లాటిన్ వాడుకలు ఆ కాలానివి కావనీ, అటువంటి అధికార మార్పిడి జరిగినట్లు వేరే దాఖలాలేవీ లేవనీ 1440లో ఇటలీ పండితుడు లోరెంజో వల్లా ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. అది కూటపత్రమన్న విషయంలో నేడు చరిత్రకారులకు సందేహం లేదు.

ఇంతకన్నా అబ్బురపరిచేది స్విస్ భాషాశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ చేసిన ఊహ. సంస్కృతం, గ్రీకు, లాటిన్ వంటి ఇండో-యూరోపియన్ భాషల అచ్చులలో కనిపించే మార్పుల క్రమాన్ని బట్టి, అప్పటికి తెలిసిన ఏ భాషలోనూ నేరుగా మిగలని కొన్ని ధ్వనులు వాటన్నిటికీ పుట్టుకనిచ్చిన మూలభాషలో ఉండి తీరాలని ఆయన ఇరవై ఒకటో ఏట ప్రతిపాదించాడు. ఆ తరువాత అనటోలియా (నేటి టర్కీ) మట్టిపలకల మీది హిట్టైట్ అనే ప్రాచీన ఇండో-యూరోపియన్ భాషను పండితులు చదవగలిగారు. ఆయన ఊహించిన తావుల్లో కొన్నిచోట్ల ఆ భాషలో ఒక హల్లు నిలిచి ఉందని 1927లో పోలండ్ భాషాశాస్త్రవేత్త యెర్జీ కురిలోవిచ్ చూపాడు. ఇది అభిప్రాయం ఎలా అవుతుంది?

ప్రకృతిని వివరిస్తాం, మానసిక జీవితాన్ని అర్థం చేసుకుంటాం అని జర్మన్ తత్త్వవేత్త విల్హెల్మ్ డిల్తై గీసిన గీత ప్రసిద్ధమైనదే గాని, సొస్యూర్ చేసింది వివరణ కూడా కనుక, ఆ గీతను మరీ గట్టిగా పట్టుకోకూడదని నా అభిప్రాయం. 1894లో మరో జర్మన్ తత్త్వవేత్త విండెల్‌బాండ్ చేసిన విభజన నాకు మరింత సబబుగా తోస్తుంది: కొన్ని శాస్త్రాలు ఎల్లెడలా వర్తించే నియమాన్ని వెదుకుతాయి, మరికొన్ని ఒక్కసారే జరిగినదాని ప్రత్యేకతను వెదుకుతాయి. భూమి గతాన్ని శిలల నుంచి చదివే భూవిజ్ఞాని చేసే పనిలో చాలా భాగం ఈ రెండో తరహాదే.

కావ్యార్థం విషయంలో చిక్కు ఎక్కువేనని ఒప్పుకోవాలి. ఒకే పద్యానికి రెండు వ్యాఖ్యానాలు నిలవవచ్చు. అయితే పద్యంలోని మాటలకూ అన్వయానికీ పొసగని వ్యాఖ్యానం, ఎంత అందంగా చెప్పినా, పడిపోతుంది.

ఇక ఈ రెండు జ్ఞానాలూ పరస్పరం పోటీదారులన్న భావన వదులుకోవలసిందే. అమెరికన్ రసాయనశాస్త్రవేత్త విల్లర్డ్ లిబ్బీ బృందం 1940లలో రూపొందించిన కార్బన్ కాలనిర్ణయ పద్ధతి ఒక ప్రతి రాసిన తోలు ఏనాటిదో సుమారుగా చెప్పగలదు. ఆ తోలు మీది రచన అప్పుడే పుట్టిందా, లేక ఎంతో పాతదానికి అది నకలా అన్నది తేల్చాలంటే భాషను, లిపిని, ఇతర ప్రతులలోని పాఠాంతరాలను పోల్చి చూడక తప్పదు.