ఐదు సాఫ్ట్‌వేర్ల ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాడు. సెలవుల్లో అమీర్‌పేటలో క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం) నేర్చుకుంటానంటున్నాడు. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, కాటియా, క్రియో, ఎన్‌ఎక్స్ అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారట. దానికి విలువుంటుందా?

జవాబు: ఆ సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుందో ముందు అడగండమ్మా. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేదైతే, క్లాసులకు వచ్చాడనే తప్ప పని వచ్చని దానర్థం కాదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీయే పెట్టే పరీక్షలు వేరే ఉన్నాయి. సాలిడ్‌వర్క్స్‌కి మొదటి మెట్టు సీఎస్‌డబ్ల్యూఏ (సర్టిఫైడ్ సాలిడ్‌వర్క్స్ అసోసియేట్), ఆపైన సీఎస్‌డబ్ల్యూపీ (ప్రొఫెషనల్). ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్‌కి సర్టిఫైడ్ యూజర్, సర్టిఫైడ్ ప్రొఫెషనల్ లాంటివి ఉన్నాయి.

సీఎస్‌డబ్ల్యూఏలో డ్రాయింగ్ ఇచ్చి, మెటీరియల్ చెప్పి, పార్ట్ గీసి దాని బరువు గ్రాముల్లో రాయమంటారు. తర్వాత రెండు మూడు కొలతలు మార్చి మళ్లీ బరువు అడుగుతారు. స్కెచ్‌లో రిలేషన్లు (ఏ గీత దేనికి ఎలా ముడిపడి ఉందో చెప్పే షరతులు) సరిగ్గా పెట్టకుండా ఎలాగోలా గీసినవాడి మోడల్ అక్కడే విరిగిపోతుంది. బట్టీకి లొంగే పరీక్ష కాదు కాబట్టే దానికి కాస్త విలువ.

కాస్త అనే అంటున్నాను. రెజ్యూమె పక్కన పడేయకుండా అది కాపాడొచ్చు, ఉద్యోగం మాత్రం ఇంటర్వ్యూలోనే తేలుతుంది. అక్కడ అడిగేది మెనూలో ఏ బటన్ ఎక్కడుందని కాదు. "25 మి.మీ. షాఫ్ట్‌కి జి6, రంధ్రానికి హెచ్7 ఇచ్చాం, సందు ఎంతుంటుంది?" అంటారు. జి6, హెచ్7 అంటే కొలత ఎంతవరకు అటూఇటూ కావొచ్చో (టాలరెన్స్) చెప్పే కోడ్‌లు. తక్కువలో తక్కువ 7 మైక్రాన్లు, ఎక్కువలో ఎక్కువ 41 అని టేబుల్ చూసైనా లెక్క కట్టగలగాలి. డ్రాయింగులో వ్యూలు అమర్చే రెండు పద్ధతులైన ఫస్ట్ యాంగిల్‌కీ థర్డ్ యాంగిల్‌కీ తేడా తెలియక తడబడేవాళ్లకి ఎన్ని సర్టిఫికెట్లుంటే ఏం లాభం?

అందుకని ఐదూ వద్దు, ఒక్కటి చాలు. విమానాల వైపు మనసుంటే కాటియా, చిన్న మెషిన్ల డిజైన్‌కైతే సాలిడ్‌వర్క్స్. ఒకటి బాగా వస్తే రెండోది పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు. పంపో గేర్‌బాక్సో విప్పి, వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి, టాలరెన్సులతో సహా డ్రాయింగులు తయారుచేయమనండి. పరీక్ష ఆ తర్వాత రాయొచ్చు. కొన్ని కాలేజీలకు సీఎస్‌డబ్ల్యూఏ పరీక్ష ఫీజు లేకుండా రాసే ఓచర్లు ఉచితంగా వస్తాయి, ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడగమనండి. కోచింగే కావాలంటే హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. అక్కడి క్యాడ్ కోర్సుల ఫీజు కూడా కనుక్కుని, అప్పుడు డబ్బు కట్టండి.